తగలబెడితేనే... పూస్తుంది!

ఆగస్టు వచ్చిందంటే ఉత్తర జర్మనీలోని లూనెబుర్గ్ మైదానాలు ఊదారంగు చీర కట్టుకున్నట్టుంటాయి. కనుచూపు మేర మోకాలెత్తు హెదర్ పొదలు, వాటి నిండా చిట్టిచిట్టి పూలు, మధ్యలో గొర్రెల మందలు. ‘ప్రకృతి ఎంత అందమైందో’ అనుకుంటారు చూసినవాళ్లంతా. కానీ ఆ అందంలో సగం వాటా మనిషిది. అదీ వేల ఏళ్ల కిందటి మనిషిది!

ఇలాంటి నేలల్ని ‘హీత్’ అంటారు. జర్మనీతోపాటు డెన్మార్క్, నెదర్లాండ్స్, బ్రిటన్, నార్వేల్లోనూ ఇవి కనిపిస్తాయి. ఒకప్పుడు వీటిలో చాలాచోట్ల అడవులే ఉండేవి. సుమారు 6 వేల ఏళ్ల కిందట వ్యవసాయం ఉత్తర ఐరోపాకు చేరింది. జనం చెట్లు నరికారు, నిప్పుపెట్టారు, పశువుల్ని మేపారు. అసలే ఇసుక నేల. చెట్ల అండ పోయేసరికి వానలకు సారమంతా కిందికి దిగిపోయింది. చెట్లకు పనికిరాని ఆ నేలే హెదర్‌కు పుట్టినిల్లయింది.

ఆ మొక్కను మనుషులూ వదులుకోలేదు. కారణం... చలికాలంలోనూ అది పచ్చగానే ఉంటుంది. గడ్డి ఎండిపోయినప్పుడు పశువులకు అదే మేత. అయితే వయసు పెరిగేకొద్దీ హెదర్ కట్టెబారిపోతుంది. అందుకే కొంత కొంత భాగాన్ని వంతులవారీగా తగలబెట్టేవారు. మళ్లీ లేత చిగుళ్లు వచ్చేవి. మొలిచే బిర్చ్, పైన్ మొక్కల్ని పశువులు కొరికేసేవి. అడవి తిరిగి వచ్చే దారి అలా మూసుకుపోయేది.

ఇదంతా ఎలా తెలిసిందంటారా? బురదనేలల పొరల్లో దాగిన పుప్పొడి చెప్పింది. పై పొరలకు వచ్చేకొద్దీ చెట్ల పుప్పొడి తగ్గి, హెదర్ పుప్పొడి పెరిగింది. దాంతోపాటు బొగ్గు నలుసులూ దొరికాయి. డెన్మార్క్, నెదర్లాండ్స్‌లలో కాంస్యయుగపు సమాధి దిబ్బలదీ అదే సాక్ష్యం. వాటిని కట్టడానికి మొక్కలతో సహా కోసిన మట్టిపెళ్లల్లోనూ హెదర్ పుప్పొడి ఉంది. అంటే 3 వేల ఏళ్లకు ముందే అక్కడ హీత్ ఉందన్నమాట. డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయ పురావస్తు పరిశోధకురాలు మెట్టె లోవ్‌షాల్ ఈ సుదీర్ఘ చరిత్రనే అధ్యయనం చేస్తున్నారు.

వేల ఏళ్లు నిలిచిన ఈ నేలలు గత రెండు శతాబ్దాల్లో కరిగిపోయాయి. డెన్మార్క్‌లో 1866లో ఏర్పడిన ‘హీత్ సొసైటీ’ వాటిని పొలాలుగా, తోటలుగా మార్చే పని చేపట్టింది. బ్రిటన్‌లో 1800 తర్వాత మైదాన ప్రాంతపు హీత్‌లలో 80 శాతానికి పైగా మాయమయ్యాయి. వాటినే నమ్ముకున్న పిట్టలకూ బల్లులకూ నీడ కరువైంది.

మిగిలినవాటిని కంచె వేసి వదిలేస్తే చాలదా? చాలదు. కొన్ని దశాబ్దాల్లోనే చెట్లు కమ్మేస్తాయి. అందుకే లూనెబుర్గ్‌లో హైడ్‌ష్నుకె గొర్రెల మందల్ని ఇప్పటికీ తిప్పుతున్నారు. నార్వేలోని బెర్గెన్ దగ్గర లిగ్రా దీవిలోనైతే పాత పద్ధతిలోనే, అదుపు తప్పకుండా, నిప్పుపెడుతున్నారు.

మనిషి తాకకుండా ఉంటే బతికే అడవులున్నాయి. మనిషి చెయ్యి తీసేస్తే చచ్చిపోయే నేలలూ ఉన్నాయి. హీత్ రెండో రకం!