చచ్చిపోవాల్సిన అండాలకు ఇంత ధరా?

“మన ఒంగోలు ఆవును బ్రెజిల్‌లో 40 కోట్లకు కొన్నారట, పూటకు ఎన్ని లీటర్లిస్తుందండీ?” అని ఓ పాఠకుడు అడిగారు. ఇచ్చేది దూడకు సరిపడా పాలే. దాని పేరు వియాటినా-19. మాంసం కోసం పెంచే నెలోర్ జాతి ఆవు, మన నెల్లూరు, ఒంగోలు సీమల నుంచి ఓడలెక్కిన పశువుల సంతతి. 2023లో సావో పాలో రాష్ట్రంలోని అరాండులో వేలం వేసింది కూడా దాని మూడో వంతు వాటానే, 69.9 లక్షల బ్రెజిల్ రియాల్‌లకు. మొత్తం ఆవు విలువ 2.1 కోట్ల రియాల్‌లన్నది ఆ వాటాను బట్టి కట్టిన లెక్క. ఈ సంగతి మన వార్తల్లో చాలావాటికి ఎక్కనే లేదు. బరువు 1,101 కిలోలు, నిజమే. కానీ కిలోల లెక్కన అమ్మితే ఆ ధరలో పిసరంత కూడా రాదు.

మామూలు వేలంలో చూడి ఆవు ధరను తేల్చేవి పళ్లు చెప్పే వయసు, చూడి నెలలు, ముందున్న ఈతలు, ఆ ఏటి దూడల ధర, మేత. ఎంత మంచి ఆవైనా ఈనేది ఏడాదికి ఒక్క దూడనే. వియాటినా ఆ హద్దు దాటింది.

ఆడదూడ పుట్టేనాటికే దాని అండాశయాల్లో లక్షకు పైగా అండాలుంటాయి. దూడలయ్యేవి మహా అయితే పదో పన్నెండో. మిగతావి ఏమవుతాయి? 1960లో రాజకోస్కీ అనే పరిశోధకుడు పెయ్యల అండాశయాలను పరీక్షించి, అండాల తిత్తులు అలలు అలలుగా పెరుగుతాయన్నాడు. చాలామంది నమ్మలేదు. 1980లలో అల్ట్రాసౌండ్ వచ్చాక తెర మీదే కనబడింది: 21 రోజుల ఎద చక్రంలో రెండో మూడో అలలు. ప్రతి అలలో ఎన్నో తిత్తులు ఒకేసారి ఎదగడం మొదలుపెడతాయి. వాటిలో ఒకటి ముందుకు దూసుకుపోయి, తాను వదిలే హార్మోన్లతో, తిత్తులను పెంచే హార్మోన్ అయిన ఎఫ్‌ఎస్‌హెచ్‌ను తగ్గించేస్తుంది. పెద్దక్క చెల్లెళ్ల కంచాలు లాగేసుకున్నట్టే. ఎఫ్‌ఎస్‌హెచ్ లేనిదే చిన్నవి బతకవు. అక్కకు మాత్రం అప్పటికి మరో హార్మోన్ అయిన ఎల్‌హెచ్‌తో గడుపుకోవడం వచ్చేసి ఉంటుంది!

అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో పీల్చేది ఎలాగూ చచ్చిపోయే ఈ చెల్లెళ్లనే. కాబట్టి ఇలా తీస్తే ఆవు గొడ్డుబోతుందన్న భయానికి ఆధారం లేదు. పైగా ఒంగోలు రక్తంలో ఓ వరం ఉంది. మూపురం జాతుల్లో అలకు లేచే తిత్తులు ఎక్కువ. ఒక్కసారి పీలిస్తే హోల్‌స్టీన్ కంటే రెండింతలకు పైగా అండాలు రావడం మామూలే. వాటిని ప్రయోగశాలలో ఫలదీకరించి మామూలు ఆవుల గర్భాల్లో పెడతారు. వియాటినా కూడా అలా పుట్టిందే. అందుకే వాటాలు. కొన్నవాళ్లకు దక్కేది రాబోయే అండాల్లో పాలు.

వంశం, ప్రదర్శనల్లో గెలిచిన బహుమతులు, వేలంపాట వేడి కూడా ధరలో ఉన్నాయి. ఆ పద్దు వ్యాపారులు చూసుకుంటారు.

మరి మన ఒంగోలు రైతుకు ఇందులో ఏముంది? గుంటూరు దగ్గర లాం ఫారంలో ఈ జాతిని కాపాడుతున్నారు, సంతోషమే. కానీ ఇలా అండాలు పీల్చి, ఇంత ఖర్చుపెట్టి పుట్టించిన దూడను కొనేదెవరు? మాంసానికి అంటే చట్టం ఒప్పదు, దుక్కికి ట్రాక్టరుంది, పాలకు జెర్సీ ఉంది. లక్షలు పలికేది బండలాగుడు పందేల్లో, అక్కడ కావాల్సింది ఎద్దు.