‘అన్‌లిమిటెడ్’ అంటే ఎంత?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు మేము కవిత రాద్దామనుకున్నాం. కానీ మొన్న సెలవుల్లో హాస్టల్‌కు వచ్చినప్పుడు ఇంటర్ చదివే తమ్ముడొకడు ఒక ప్రశ్న వేశాడు. “అన్నా, ప్యాక్ మీద అన్‌లిమిటెడ్ అని రాశారు కదా, మధ్యాహ్నానికే నెట్ ఎందుకు నత్తలా నడుస్తుంది?” అప్పుడు రెండు మాటల్లో జవాబు చెప్పి వెళ్లిపోయాం. పూర్తి జవాబు ఇప్పుడు రాస్తున్నాం. ఎందుకంటే ఈ ప్రశ్న మా ఇంట్లో ఒకసారి చాలా ఖరీదైంది.

అమ్మ ఫోను

మా నాన్న 2007లో మిరపకాయల సీజను కూలి డబ్బులతో ఒక సిమ్ కొన్నాడు. దాన్ని అందరూ ‘లైఫ్‌టైం’ అనేవారు. ఒక్కసారి డబ్బు కడితే ఇక జీవితాంతం ఇన్‌కమింగ్ వస్తుందని షాపాయన చెప్పాడు. పదకొండేళ్లు ఆ మాట నిలబడింది. ఆ నంబరే మా రేషన్ కార్డుకు, అమ్మ బ్యాంకు ఖాతాకు, మా ఆధార్‌కు ఇచ్చాం. అది మా ఇంటి చిరునామా లాంటిది.

2018 డిసెంబరులో మేము ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాం. గదిలో పద్దెనిమిది మందికి ఒకే ఫోను. ఆదివారం అమ్మకు చేస్తే, ఈ నంబరుకు సేవలు లేవని ఒక గొంతు చెప్పింది. సిగ్నల్ లేదేమో అనుకున్నాం. మరుసటి ఆదివారం కూడా అదే మాట. ఆ మధ్యలో నాన్న పని చేస్తున్నచోట కట్టెల మీద నుంచి జారిపడి తొడ ఎముక విరిగింది. అమ్మ ఫోనులో 46 రూపాయల బ్యాలెన్స్ ఉంది. అయినా కాల్ వెళ్లలేదు, రాలేదు. పన్నెండు రోజుల తర్వాత మా మేనమామ హాస్టల్ గేటు దగ్గరికి వచ్చి చెబితే గాని మాకు తెలియలేదు. వాచ్‌మన్ తాత ఇచ్చిన బస్సు చార్జీతో ఆసుపత్రికి వెళ్లాం.

తర్వాత తెలిసిందేమిటంటే, ఆ సంవత్సరం చివర్లో కొన్ని కంపెనీలు కొత్త పద్ధతి పెట్టాయి. 28 రోజులకు కనీసం 35 రూపాయల రీఛార్జి చేయకపోతే ముందు అవుట్‌గోయింగ్, ఆ తర్వాత ఇన్‌కమింగ్ ఆపేస్తారు. పాత వినియోగదారులకూ ఇదే వర్తించింది. అమ్మకు ఇంగ్లీషులో మెసేజ్ వచ్చింది. అమ్మకు తెలుగు చదవడమే రాదు.

ఒకసారి ఇచ్చిన మాటను కంపెనీ మధ్యలో మార్చవచ్చా? ఈ ప్రశ్నతో మేము చదువుతూ పోతే, ఇదే కథ మనకంటే ముందే అమెరికాలో పెద్ద ఎత్తున నడిచిందని తెలిసింది.

అమెరికాలో జరిగినది

2007 జూన్‌లో ఐఫోన్ వచ్చినప్పుడు అమెరికాలో దానికి ఏటీ అండ్ టీ అనే ఒక్క కంపెనీయే నెట్‌వర్క్ ఇచ్చింది. నెలకు 20 డాలర్లకు అన్‌లిమిటెడ్ డేటా ఇచ్చింది. 2008లో త్రీజీ ఫోను వచ్చాక అది 30 డాలర్లు అయింది. అప్పట్లో జనానికి ఫోనులో ఇంటర్నెట్ అలవాటు లేదు. అలవాటు చేయడానికి ‘ఎంతైనా వాడుకో’ అనే మాట పనికొచ్చింది.

అలవాటయ్యాక లెక్క మారింది. 2010 జూన్ 7 నుంచి కొత్తగా చేరేవారికి ఆ ప్లాన్ ఆపేశారు. 15 డాలర్లకు 200 ఎంబీ, 25 డాలర్లకు 2 జీబీ అన్నారు. వెరిజాన్ అనే మరో పెద్ద కంపెనీ 2011 జూలై 7న అదే పని చేసింది. అయితే రెండు కంపెనీలూ పాతవాళ్ల ప్లాన్ అలాగే ఉంటుందని చెప్పాయి. పాతవాళ్లు సంతోషించారు. ఆ సంతోషం ఎలా కరిగిపోయిందో చూడండి.

ట్యాంకు లెక్క

ముందు కంపెనీల వైపు న్యాయం కూడా చెప్పాలి. సెల్ టవర్ గాలిలో పంపే తరంగాలకు హద్దు ఉంది. ప్రభుత్వం వేలంలో ఇచ్చిన తరంగాల వాటానే కంపెనీ వాడుకోవాలి. ఒక టవర్ కింద ఉన్నవాళ్లంతా ఆ వాటానే పంచుకుంటారు.

ఇది మన హాస్టల్ ట్యాంకు లాంటిది. ఉదయం 6 గంటలకు వందమంది ఒకేసారి బకెట్లు పెడితే కుళాయి సన్నబడుతుంది. రాత్రి 11 గంటలకు ఒక్కడే రెండు బకెట్లు ఎక్కువ పోసుకున్నా ఎవరికీ నష్టం లేదు. అంటే సమస్య నెలకు ఎవరు ఎన్ని బకెట్లు వాడారన్నది కాదు, రద్దీ వేళలో అందరూ ఒకేసారి తిప్పడం. నిజంగా రద్దీని తగ్గించాలంటే రద్దీ ఉన్న వేళలో, రద్దీ ఉన్న టవర్ దగ్గరే వేగం తగ్గించాలి. నెల మొత్తానికి హద్దు పెడితే అది రద్దీకి మందు కాదు, ధరకు దారి. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే మిగతా కథ సులువుగా అర్థమవుతుంది.

వెళ్లమనకుండా వెళ్లగొట్టే నాలుగు దారులు

మొదటిది, వేగం తగ్గించడం. ఏటీ అండ్ టీ 2011 అక్టోబరు నుంచి ఎక్కువ వాడే పాత అన్‌లిమిటెడ్ వినియోగదారుల వేగం తగ్గించింది. 2012లో ఆ గీత త్రీజీ ఫోన్లకు 3 జీబీ, ఎల్‌టీఈ ఫోన్లకు 5 జీబీ అని ప్రకటించింది. గీత దాటినవాడికి ఆ నెల మిగిలిన రోజులన్నీ వేగం పడిపోయేది, టవర్ ఖాళీగా ఉన్నా సరే. 2015లో మాత్రమే ఆ గీతను 22 జీబీకి పెంచి, రద్దీ ఉన్నచోటే తగ్గిస్తామని మార్చింది.

రెండవది, హ్యాండ్‌సెట్‌తో ముడిపెట్టడం. 2012లో వెరిజాన్ ఒక షరతు పెట్టింది. కంపెనీ ఇచ్చే తగ్గింపు ధరకు కొత్త ఫోను తీసుకుంటే పాత అన్‌లిమిటెడ్ ప్లాన్ పోతుంది. ప్లాన్ కావాలంటే ఫోను పూర్తి ధర పెట్టి కొనుక్కోవాలి.

మూడవది, ధర పెంచడం. వెరిజాన్ 2015 నవంబరులో 30 డాలర్ల పాత ప్లాన్‌ను 50 డాలర్లు చేసింది. ఏటీ అండ్ టీ 2016 ఫిబ్రవరిలో 30 ఉన్నదాన్ని 35 చేసింది.

నాలుగవది, నేరుగా నోటీసు. 2016లో వెరిజాన్ నెలకు 100 జీబీ దాటి వాడుతున్న పాతవారికి, ఆగస్టు 31లోగా వేరే ప్లాన్‌కు మారండి, లేకుంటే లైను తీసేస్తామని చెప్పింది.

ఇంతా చేసి 2017 ఫిబ్రవరిలో రెండు కంపెనీలూ మళ్లీ అందరికీ ‘అన్‌లిమిటెడ్’ అని ప్రకటించాయి. పేరు పాతదే. 22 జీబీ దాటాక రద్దీలో వేగం తగ్గవచ్చన్న షరతు కొత్తది.

కోర్టుకు వెళ్తే ఏమైంది?

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. 30 డాలర్ల కోసం ఒక్కడే కోర్టుకు వెళ్లడు. లక్షమంది కలిసి వెళ్తేనే కంపెనీకి భయం. కానీ ఒప్పందంలో చిన్న అక్షరాలతో, గొడవ వస్తే ఒక్కొక్కరుగా మధ్యవర్తి దగ్గరికి రావాలి, గుంపుగా కేసు వేయకూడదు అని రాసి ఉండేది. ‘ఉచిత’ ఫోనుపై 30 డాలర్ల 22 సెంట్ల పన్ను వేశారని కాలిఫోర్నియా దంపతులు ఏటీ అండ్ టీ మీద వేసిన కేసులో 2011 ఏప్రిల్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆ షరతు చెల్లుతుందని 5-4 తేడాతో తీర్పు ఇచ్చింది.

అందువల్ల ప్రభుత్వ సంస్థే ముందుకు రావలసి వచ్చింది. 2014 అక్టోబరులో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేసింది. 35 లక్షలమందికి పైగా వినియోగదారుల వేగాన్ని 2 కోట్ల 50 లక్షలకు పైగా సార్లు తగ్గించారని, అన్‌లిమిటెడ్ అని అమ్మి ఆ సంగతి సరిగా చెప్పలేదని ఆరోపించింది. మా మీద మీకు అధికారమే లేదని కంపెనీ వాదించింది. 2016లో అప్పీలు కోర్టు కంపెనీ మాట ఒప్పుకుంది. 2018లో అదే కోర్టు విస్తృత ధర్మాసనం దాన్ని తిరగరాసింది. చివరకు 2019 నవంబరులో కంపెనీ 6 కోట్ల డాలర్లు చెల్లించడానికి, ఇకపై వేగం తగ్గించే షరతులను స్పష్టంగా కనపడేలా చెప్పడానికి రాజీపడింది. 35 లక్షలమందికి పంచి చూస్తే తలకు 17 డాలర్లు. తగ్గింపు మొదలైన ఎనిమిదేళ్ల తర్వాత!

మొత్తం చిన్నదే కావచ్చు. కానీ ‘అన్‌లిమిటెడ్’ అని రాసి హద్దు దాచిపెట్టడం కుదరదని ఆ రాజీతో తేలింది.

మన దగ్గర

మనలో ఎక్కువమందివి ప్రీపెయిడ్ సిమ్‌లు. కాబట్టి ఇక్కడ పాత ప్లాన్ రద్దు చేయడానికి కంపెనీ అంత కష్టపడనక్కరలేదు. మనకిచ్చిన మాట గడువే 28 రోజులు. ఆ తర్వాత కొత్త ధర. 2024 జూలైలో జియోలో రోజుకు 1.5 జీబీ ఇచ్చే 28 రోజుల ప్యాక్ 239 నుంచి 299 రూపాయలైంది. 28 రోజుల లెక్కన సంవత్సరానికి 12 కాదు, 13 సార్లు వేయించాలి. అంటే ఏడాదికి 780 రూపాయలు అదనం. కూలి ఇంటికి అది చిన్న మొత్తం కాదు.

తమ్ముడు అడిగినదానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. ఆ ‘అన్‌లిమిటెడ్’ అన్నమాట కాల్స్‌కు. డేటాకు రోజు కోటా ఉంది. కోటా అయ్యాక చాలా ప్యాక్‌లలో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆ వేగంతో 10 ఎంబీ నోట్స్ పీడీఎఫ్ దిగడానికి 20 నిమిషాలకు పైగా పడుతుంది. మన హాస్టల్లో అన్నం ఎంతైనా పెడతారు, కూర ఒక గరిటే. అలాంటిదే ఇది.

మరి మనకు రక్షణ లేదా? ఉంది. ఎవరూ మనకు చెప్పలేదు, అంతే.

లైఫ్‌టైం అని అమ్మిన ప్లాన్‌ను, కంపెనీకి లైసెన్సు ఉన్నంతకాలం కొనసాగించాలని ట్రాయ్ 2006లోనే ఆదేశించింది. బ్యాలెన్స్ ఉన్నా సేవలు ఆపుతామని మెసేజ్‌లు వస్తున్నాయన్న ఫిర్యాదులపై 2018 నవంబరులో కంపెనీలను ప్రశ్నించింది కూడా. మా నాన్న పడింది ఆ తర్వాతి నెలలోనే. ఆ సంగతి అప్పుడు మా ఊళ్లో ఒక్కరికి తెలిసినా అమ్మ తరఫున ఫిర్యాదు చేసేవాళ్లం.

తమ్ముళ్లు చేయవలసినవి

1. ఇంట్లో అమ్మానాన్నలకు డేటా అక్కరలేదా? 2024 డిసెంబరులో ట్రాయ్ కాల్స్, మెసేజ్‌లకు మాత్రమే ఉండే ప్యాక్‌లు తప్పనిసరి చేసింది. అటువంటి ప్యాక్‌ల గడువును 365 రోజుల దాకా ఇవ్వవచ్చని చెప్పింది. షాపులో ఆ ప్యాక్ కావాలని పేరుపెట్టి అడగండి.

2. 30 రోజుల గడువు ఉన్న ప్యాక్ ప్రతి కంపెనీ ఉంచాలని 2022లో ఆదేశం వచ్చింది. 28, 30 రెండింటినీ రోజు లెక్కన భాగించి చూసి వేయించండి.

3. స్కాలర్‌షిప్‌కు, బ్యాంకుకు, ఆధార్‌కు ఇచ్చిన నంబరును చావనివ్వకండి. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే ప్రీపెయిడ్ సిమ్ రద్దు కావచ్చు. రద్దయిన నంబరును తర్వాత ఇంకొకరికి ఇస్తారు. మన ఓటీపీ వాళ్లకు పోతుంది.

4. ఫిర్యాదు ముందు కంపెనీకి చేయండి. డాకెట్ నంబరు తప్పక రాసుకోండి. తేలకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. టెలికం కంపెనీల మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు లేదు.

5. ఇంటికి వచ్చే ఇంగ్లీషు మెసేజ్ ఏదైనా సరే, సెలవుల్లో వెళ్లినప్పుడు మీరు చదివి అమ్మానాన్నలకు తెలుగులో చెప్పండి. మన ఇళ్లలో చదువుకున్నవాళ్లు మనమే. మనం చదవకపోతే ఎవరు చదువుతారు?

నాన్న ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తున్నాడు. అమ్మ అదే పాత నంబరు వాడుతోంది. దాని గడువు తేదీని మేము డైరీ మొదటి పేజీలో రాసిపెట్టుకుంటాం, పరీక్షల తేదీల కంటే పైన.