మీకు తెలుసా? సీటు ఎవరిదో తేల్చిన లెక్కలు

కాలేజీ సీట్లలో న్యాయం గురించి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన తొలి పెద్ద కేసు వేసిన మహిళ, అసలు కాలేజీకి దరఖాస్తే చేయలేదు. ఆమె పేరు చంపకం దొరైరాజన్. 1934లోనే బీఏ పాసయ్యారు. 1950లో మద్రాసు హైకోర్టుకు వెళ్లి, తాను బ్రాహ్మణ స్త్రీ కాబట్టి మెడికల్ కాలేజీలో సీటు రాదని వాకబు చేస్తే తెలిసిందని చెప్పారు. దరఖాస్తు చేయలేదన్న సంగతిని ప్రభుత్వం కూడా అభ్యంతరంగా లేవనెత్తలేదు. ఇంజనీరింగ్ సీటు కోసం శ్రీనివాసన్ అనే విద్యార్థి వేసిన కేసునూ దీంతో కలిపి విన్నారు.

అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ‘కమ్యూనల్ జీవో’ నడిచేది. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకూ భారతీయ క్రైస్తవులకూ కలిపి 1, ముస్లింలకు 1. ఇది తమిళనాడు గొడవ, మనకేం సంబంధం అనుకోకండి. అంత పెద్ద రాష్ట్రానికి ఉన్నవి నాలుగు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు, మొత్తం 330 సీట్లు. ఆ నాలుగింట్లో రెండు విశాఖపట్నం, గుంటూరుల్లోవే. హైకోర్టులో జీవోకు వ్యతిరేకంగా వాదించిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ నెల్లూరు జిల్లా బిడ్డ, రాజ్యాంగ ముసాయిదా సంఘంలో సభ్యుడు కూడా.

1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. మూడు నెలలైనా తిరగకముందే పార్లమెంటు తొలి రాజ్యాంగ సవరణ చేసి, 15(4) అధికరణాన్ని చేర్చింది. పార్లమెంటు చేసింది సరైన పనే అని నా అభిప్రాయం. పాత జీవో ఉన్నవారికీ లేనివారికీ అందరికీ వాటాలు వేసింది. కొత్త అధికరణం వెనకబడినవారి కోసం మాత్రమే ప్రత్యేక ఏర్పాటుకు దారి తీసింది. ఈ రెండూ ఒకటే అన్నట్టు ఇప్పటికీ మాట్లాడేవాళ్లున్నారు.

* * *

ఇంజనీరింగ్, మెడిసిన్ కౌన్సెలింగ్ అనగానే మన ఇళ్లలో వినిపించే మాట 85:15. ఆ 15 శాతం ‘నాన్‌లోకల్ కోటా’ అని చాలామంది నమ్మకం. కాదు. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం తర్వాత ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాని వెంట 371డి అధికరణం, 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. ఆ ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి. మిగతా 15 శాతం ఎవరికీ రిజర్వు కానివి. ర్యాంకు ఉంటే స్థానికులకూ అవి దక్కుతాయి.

లోకల్ అని తేల్చేది పుట్టిన ఊరు కాదు, ఇంట్లో మాట్లాడే భాషా కాదు. ముఖ్యంగా చూసేది ఎక్కడ చదివారన్నదే. పాత ఉత్తర్వులో వరుసగా నాలుగేళ్ల చదువు లెక్కకు రాకపోతే, ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారో చూసేవారు. తెలంగాణ ఎంబీబీఎస్ ప్రవేశాల నిబంధనలు ఆ వెసులుబాటు తీసేసి, అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లే ప్రమాణం చేశాయి. అంటే తొమ్మిది, పది, రెండేళ్ల ఇంటర్. పదో తరగతి దాకా నల్గొండలో చదివి, ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లోనో, కోచింగ్ కోసం కోటా నగరంలోనో చేరిన పిల్లలకు లోకల్ హోదా పోతుంది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించింది.

ఉద్యోగరీత్యా బయటి రాష్ట్రాల్లో పనిచేస్తున్న ప్రభుత్వోద్యోగుల, సైనికుల పిల్లలకు సడలింపు ఇచ్చారు. మంచిదే. మరి మగ్గం పని కోసం భివండీకి, సూరత్‌కి కుటుంబంతో వలస వెళ్లినవారి పిల్లల సంగతి? వాళ్లూ పొట్టకూటి కోసమే వెళ్లారు. బదిలీ ఉత్తర్వు చేతిలో లేదని ఆ పిల్లల్ని పరాయివాళ్లను చేయడం నాకు అన్యాయంగానే కనిపిస్తోంది.

* * *

ప్రైవేటు కాలేజీల్లో ఒకప్పుడు ‘ఫ్రీ సీటు’, ‘పేమెంట్ సీటు’ అని రెండు రకాలుండేవి. సగం సగం చొప్పున ఆ పద్ధతి తెచ్చింది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా ఉన్న ఉన్నికృష్ణన్ కేసు తీర్పు, 1993లో. 2002లో పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పద్ధతిని రద్దు చేసింది. ఉన్నికృష్ణన్ తీర్పు చెప్పిన, పద్నాలుగేళ్ల దాకా చదువు హక్కు అన్న మాట మాత్రం నిలిచి, అదే ఏడాది 86వ సవరణతో రాజ్యాంగంలోకి ఎక్కింది.

* * *

ఒక తరం చదువంతా ఒక్క కేసు కిందే గడిచిపోయిందని తెలుసా? మాదిగ దండోరా ఉద్యమ ఫలితంగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎస్సీల 15 శాతం రిజర్వేషన్‌ను ఏ, బీ, సీ, డీ గ్రూపులుగా 1, 7, 6, 1 చొప్పున విభజించి 2000లో చట్టం చేసింది. 2004 నవంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. వర్గీకరణ చెల్లుతుందని ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6-1 మెజారిటీతో చెప్పింది 2024 ఆగస్టు 1న. 2004లో ఒకటో తరగతిలో చేరిన పిల్ల అప్పటికి డిగ్రీ, పీజీ దాటిపోయింది. 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ మూడేసి గ్రూపులతో వర్గీకరణ అమల్లోకి తెచ్చాయి. ఆ ఇరవై ఏళ్లలో సీటు అందని పిల్లలకు ఎవరూ ఏమీ తిరిగి ఇవ్వలేదు.

* * *

సర్కారు బడిలో చదివినందుకు మార్కులు కలిపిన విశ్వవిద్యాలయం మన దగ్గరే ఉంది. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు తెరిచిన ఆర్జీయూకేటీలో మొదట్లో ప్రవేశ పరీక్ష పెట్టలేదు. పదో తరగతి ఫలితమే ఆధారం. హాస్టల్ వసతి లేని ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు పది పాయింట్ల గ్రేడు సగటుపై 0.4 కలిపే పద్ధతి పెట్టారు. ఒకే ఒక్క సైన్సు టీచరున్న జిల్లా పరిషత్ హైస్కూల్లో తెచ్చుకున్న 9.2కీ, పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు నడిపే కార్పొరేట్ బడిలో తెచ్చుకున్న 9.6కీ మధ్య తేడా తెలివిలో లేదని ఒప్పుకున్న లెక్క అది. ప్రవేశాల విషయంలో మన రాష్ట్రాలు చేసిన ప్రయోగాల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

విషాదమేమిటంటే ఆ ఆలోచన అక్కడే ఆగిపోయింది. ఈఏపీసెట్ (ఒకప్పటి ఎంసెట్) ర్యాంకుల్లో ఏ బడిలో చదివారన్న ప్రశ్నే లేదు. తమిళనాడు 2020లో చట్టం చేసి, ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడుల్లో చదివి నీట్‌లో అర్హత సాధించినవారికి మెడికల్ సీట్లలో 7.5 శాతం కేటాయించింది. 2022లో మద్రాసు హైకోర్టు దాన్ని సమర్థించింది. న్యాయస్థానంలో నిలబడిన దారి పక్క రాష్ట్రంలోనే ఉంది. వచ్చే కౌన్సెలింగ్ లోపు అమరావతి, హైదరాబాద్ శాసనసభలు ఇలాంటి చట్టం చేయాలి. మీ ఎమ్మెల్యే ఊళ్లోకి వచ్చినప్పుడు ఈ ఒక్క మాట అడగండి.