రంగము పోయినవారి బ్రదుకు

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలోని పాత పెంకుటిండ్ల ద్వారబంధములను చూపి, "ఇది బర్మా టేకు, పురుగు పట్టదు" అని యజమానులు గర్వముతో చెప్పుట మన మెరిగినదే. ఆ కలప వచ్చిన సముద్రమార్గముననే ఈ పల్లెలనుండి మనుష్యులు పోయిరి. కలప విలువ చెప్పగల యిండ్లలో, ఆ కాలమున ఊరినుండి ఎందరు పోయిరి, ఎందరు తిరిగి రాలేదు అని యడిగిన చెప్పగలవారు అరుదు. రంగూనునకు ఈ ప్రాంతమువారు పెట్టుకొన్న పేరు రంగము. "మా తాత రంగము పోయినాడు" అను మాట నేటికిని ముసలివారి నోట వినబడును. అట్లు పోయినవారు పరదేశమున ఎట్లు దినములు గడపిరి, ఆ దేశపువారితో ఎట్లు మెలగిరి యను విషయమును నేడు విచారింప దలచితిమి. ఇది పాతకథ యని త్రోసివేయరాదు. పోవువారు నేటికిని పోవుచునే యున్నారు.

పోవుటకు కారణము రెండు తీరములయందును గలదు. 1852లో దిగువ బర్మాను ఆంగ్లేయులు ఆక్రమించిరి. 1869లో సూయజు కాలువ తెరచిన పిమ్మట ఐరావతీ డెల్టాలోని బురద అడవులు వేగముగా వరిపొలములుగా మారెను. ఆ వరిని కోయుటకు, మిల్లులలో ఆడించుటకు, ఓడల కెత్తుటకు అచ్చట చేతులు చాలలేదు. ఇచ్చట చేతులకు పని చాలలేదు. నేటి శ్రీకాకుళపు జిల్లాలో చాలభాగము అప్పుడు గంజాము జిల్లాలోనిది. 1866 నాటి క్షామము ఆ జిల్లాను పీడించెను. వంశధారయు నాగావళియు ప్రక్కనే పారుచున్నను మెట్టపొలమునకు వానయే దిక్కు. శిస్తు చెల్లింపలేనివాడు, షావుకారు అప్పు తీర్పలేనివాడు కళింగపట్టణముననో, భీమునిపట్టణముననో, విశాఖపట్టణముననో పొగయోడ నెక్కెను. బర్మావారు తెలుగువారిని కొరంగీలనిరి. గోదావరీ ముఖమునందలి కోరంగి రేవు పేరే అట్లు జాతిపేరయ్యెను. 1931 జనాభా లెక్కలలో రంగూను నగరపు జనసంఖ్య సుమారు 4 లక్షలు; అందు సగమునకు పైగా భారతీయులే.

ఓడ నెక్కినవాడు ఒంటరిగా ఎక్కలేదు. మేస్త్రీ యనువాడు ఊరికి వచ్చి, ఇంటివారి చేతిలో కొంత బయానా పెట్టి, టిక్కెట్టు కొని, ముఠా కట్టి తీసికొనిపోయెడివాడు. కూలి మిల్లు యజమానినుండి మేస్త్రీకి, మేస్త్రీ తరుగులు పోయిన పిమ్మట కూలివానికి చేరెడిది. బసయు మేస్త్రీ చూపినదే. ఒక్కొక్క గదిలో పట్టనంతమందిని క్రుక్కుచుండిరి. విట్లీ అధ్యక్షతను 1931లో నివేదిక నిచ్చిన రాయల్ కమిషను సయితము రంగూను కూలిబసల యిరుకును గర్హించెను. పగలు బస్తాలు మోయుట, లేక రిక్షా లాగుట. రాత్రి ముఠాతో కలసి వండుకొని పండుకొనుట. ఇంటివద్ద చోడి అంబలితో ప్రొద్దు గడపినవానికి అక్కడ వరియన్నము దొరకెను. ఆ లాభమును తక్కువ చేసి చెప్పరాదు. కాని వాని చుట్టునున్నవారందరు తన యూరి మగవారు, ప్రక్క యూరి మగవారు. ఆలుబిడ్డలు ఇక్కడ, తా నక్కడ. ఇట్టివాడు పదియేండ్లుండియు బర్మాభాషలో నాలుగు మాటలకు మించి నేర్వకుండుట వింతకాదు.

నగరము విడిచి పల్లెలలో కుదురుకొన్నవారి బ్రదుకు వేరు. వారికి బర్మీయుని ఇల్లు కనబడెను. నేలకు ఎత్తుగా స్తంభములపై కట్టిన వెదురుటిల్లు. క్రింద పశువులు, నాగళ్లు. తెల్లవారగనే కాషాయవస్త్రములతో వరుసగా భిక్షకు వచ్చు సన్యాసులు. ప్రతి యూరను ఒక విహారము. అందే మగపిల్లలకు అక్షరాభ్యాసము. సంతలో అమ్మువారు, లెక్క చూచువారు, డబ్బు దాచువారు ఎక్కువగా స్త్రీలే. పెండ్లియైనను స్త్రీ పేరు మారదు. ఆస్తిలో ఆమె వాటా ఆమెదే. భోజనమునకు కూర్చున్నప్పుడు నీ కులమేమని యడుగువాడు లేడు. చందనమువలె నూరిన తనఖా చెక్కను ముఖమునకు పూసికొని ఆడువారు పొలమునకు పోవుదురు. ఏప్రిలులో కొత్తసంవత్సరము వచ్చినపుడు పెద్ద చిన్న భేదము లేక ఒకరిపై నొకరు నీళ్లు చల్లుకొందురు. ఊరవేసిన చేపల ముద్ద, అనగా ఙపి, లేనిదే వారికి అన్నము దిగదు. దాని వాసనకు మనవారు మొదట ముక్కు మూసికొనియుందురు. కాని మన రేవుల యిసుకపై ఎండుచేపల నెరిగినవానికి అది యెంతో కాలము పరాయిది కానేరదు.

ఈ రెండు బ్రదుకులను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన ఒక సంగతి తేటపడును. దేశము దూరమగుటచేత మనుష్యుడు పరదేశి కాడు. ఎవరి అప్పుతో పోయినాడో, ఎవరి గదిలో దిగినాడో వారి హద్దులే వాని దేశపు హద్దులగును. మేస్త్రీ ముఠాలోనివానికి బర్మాయే కనబడలేదు. బర్మీయునకు ఆ మనుష్యుడు కనబడలేదు, ముఠాయే కనబడెను.

దాని ఫలము 1930లో అనుభవమునకు వచ్చెను. ఆ మేనెలలో రంగూను రేవున తెలుగు కూలీలు కూలి హెచ్చింపుమని సమ్మె కట్టిరి. ఓడ కంపెనీలవారు బర్మీయులను పనికి పిలిచిరి. సమ్మె తీరగనే మే 26వ తేదీని వారిని పొమ్మనిరి. వెంటనే కొట్లాట చెలరేగెను. వందమందికి పైగా చనిపోయిరి, వారిలో హెచ్చుమంది తెలుగు కూలీలు. దీనిని కేవలము బర్మీయుల జాతిద్వేష మనుట న్యాయము కాదు. అప్పటికే వరి ధర పడిపోవుచుండెను. అప్పుల క్రింద పొలములు పోవుచుండెను. 1930 దశకము చివరకు దిగువ బర్మా వరిభూములలో నాలుగవ వంతు చెట్టియార్ల చేతిలోనికి వచ్చెను. భూమి పోయిన రైతు, కూలి చాలని కూలి ఒకరినొకరు కొట్టుకొనగా లాభము పొందినవారు ఇద్దరికిని పైవారు.

1937లో బర్మా భారతదేశమునుండి వేరుచేయబడెను. 1941 డిశంబరు 23వ తేదీని రంగూనుపై జపాను బాంబులు పడెను. 1942 మార్చి 8న నగరము వారి వశమయ్యెను. ఓడలు చాలలేదు. తాము కనుమలు దాటి మణిపురమునకును, టౌంగప్ కనుమ దాటి అరకానునకును లక్షలమంది కాలినడకను బయలుదేరిరి. మలేరియా, విషూచి, ఆకలి త్రోవ పొడుగునను వేలమందిని తినివేసెను. మిగిలినవారిలో కొందరు యుద్ధానంతరము తిరిగి పోయిరి. 1962లో నేవిన్ సైనికప్రభుత్వము వచ్చి, తరువాతి రెండేండ్లలో అంగళ్లను వర్తకమును జాతీయము చేసి, 1964 మేనెలలో పెద్ద నోట్లను రద్దుపరచెను. మరల ఓడలు, మరల వట్టిచేతులు. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేటపేరు ఆ రాకకు మిగిలిన గురుతు. నేడు మయన్మారనబడు ఆ దేశమున తెలుగు కుటుంబములు ఇంకను గలవు.

ఇప్పుడు మనవారు పోవు త్రోవలు వేరు. శ్రీకాకుళము, విజయనగరము బెస్తలు గుజరాతులోని వేరావలు పడవలపై కూలికి పోవుదురు. 2018 నవంబరులో వారిలో కొందరు పాకిస్తానువారికి చిక్కి, 2020 జనవరిలో 20 మంది వాఘా మార్గమున ఇల్లు చేరిరి. చదువుకొన్న యువకులకు, నర్సులకు జర్మనీ త్రోవ తెరచుకొన్నది. 2022 డిశంబరులో రెండు ప్రభుత్వములు వలసలను గూర్చి ఒడంబడిక చేసికొన్నవి. వీరిలో కొందరి పని ఆ దేశపు పల్లెలలోనే.

జర్మను పల్లె మనవానికి మొదట వింతగా తోచును. ఆదివారము అంగళ్లు మూతపడును. ఆనాడు గడ్డికోయు యంత్రము చప్పుడు చేయరాదు, ఖాళీసీసాలను తొట్టెలో వేయరాదు. చెత్తను కాగితము వేరు, కూరతుక్కు వేరు, ప్లాస్టికు వేరుగా ఉంచవలెను. దారిలో ఎదురుపడిన క్రొత్తవారినైనను పలుకరింతురు. పల్లెలో ఇల్లు అంటుకొన్న ఆర్పువారు జీతగాండ్రు కారు; రైతు, వడ్రంగి, ఉపాధ్యాయుడు స్వచ్ఛందముగా కూడి దళముగా ఏర్పడుదురు. ఆ భాష నేర్చి ఆ దళమున చేరినవాడు ఊరివాడగును. పని ముగియగనే గది తలుపు మూసికొని తనవారితోనే మాటలాడువాడు రంగము ముఠావానివలె పరదేశిగనే మిగులును.

ఆ పల్లెలనుండి మనకు మరియొక పాఠము గలదు. 1846-47 క్షామమున వెస్టర్‌వాల్డ్ ప్రాంతపు పల్లెలో గ్రామాధికారి ఫ్రీడ్రిక్ విల్‌హెల్మ్ రైఫైజెన్ రొట్టెల సంఘము పెట్టెను. తరువాత రైతులే పూచీపడి ఒకరికొకరు అప్పిచ్చుకొను సంఘములను నడపెను. మద్రాసు ప్రభుత్వము పంపగా ఐరోపా సంఘములను పరిశీలించి ఫ్రెడరిక్ నికల్సన్ 1895, 1897లలో నివేదిక నిచ్చెను. దాని ఫలముగనే 1904 నాటి సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. ఇట్టి సంఘము కళింగపట్టణపు రేవునకు ముందే అంది యుండిన, టిక్కెట్టునకై మేస్త్రీ కాళ్లు పట్టవలసిన పని యుండెడిది కాదు.

నేడు మేస్త్రీ పేరు ఏజంటు. బయానా ఇచ్చుటకు బదులు అతడు తానే రుసుము పుచ్చుకొనుచున్నాడు. దానికై పొలము తాకట్టు పడుచున్నది. ఆ తాకట్టు పట్టువారు మన పాఠకులలోనే యుండవచ్చును. వారికి మా విన్నపము రెండు. పోవు బిడ్డకు అధికవడ్డీ అప్పు కాక గ్రామ సహకారసంఘపు అప్పు దొరకునట్లు చూడుడు; ఒప్పందపత్రమును అతని పేరనే వ్రాయించి, అతనికి తెలిసిన భాషలో చదివి వినిపించి, ఆ దేశభాష కొంతయైన నేర్పి పంపుడు. రెండవది, మీ యూరినుండి రంగము పోయినవారి పేర్లను, తిరిగి రానివారి పేర్లతో సహా, ముసలివారు బ్రతికియుండగనే వ్రాయించి గ్రంథాలయమున నుంచుడు. ద్వారబంధమునకున్న గౌరవము ఆ కలప మోసిన వీపునకును దక్కవలెను.