చలి తగ్గే వేళ పెరటి తోటలో చేయాల్సిన పనులు

సంక్రాంతి నుంచి శివరాత్రి వరకు ఉండే రోజులు పెరటి తోటకు కీలకం. ఈ సమయంలో చిక్కుడు, టమాట, వంగ, క్యాబేజీ, ఆకుకూరలు చేతికొస్తుంటాయి. తోట నిండుగా కనిపిస్తుంది కాబట్టి కొత్తగా విత్తనం వేయాలన్న ఆలోచన చాలామందికి రాదు. మార్చిలో ఈ మొక్కలన్నీ ఎండిపోయాక విత్తితే అప్పటికే ఆలస్యమవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సంతలో కూరగాయల ధరలు పెరిగే నాటికి పెరడు ఖాళీగా ఉంటుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సూచన ప్రకారం ఒక్కొక్కరు రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు తినాలి. అంటే నలుగురున్న ఇంటికి రోజుకు 1.6 కిలోలు కావాలి. ఇదంతా కొనడం చిన్న రైతు కుటుంబానికి భారమే. ఒక సెంటు (సుమారు 48 చదరపు గజాలు) పెరడు ఉన్నా ఈ ఖర్చు కొంత తగ్గించుకోవచ్చు. అందుకు ఉన్న మొక్కలను చలి నుంచి కాపాడుకుంటూనే వేసవి పంటకు ఇప్పుడే సిద్ధం కావాలి.

రాత్రి చలి, పగలు ఎండ

ఉత్తర తెలంగాణలోని ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ప్రాంతాల్లో, అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో జనవరిలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే తగ్గే రోజులుంటాయి. మధ్యాహ్నానికి మాత్రం ఎండ చురుక్కుమంటుంది. కోస్తాలో అంత చలి లేకపోయినా తెల్లవారుజామున మంచు కురిసి ఆకులు తడిసి ఉంటాయి.

నేల చల్లబడితే వేర్లు పోషకాలను సరిగా తీసుకోలేవు. మొక్క ఎదుగుదల మందగించి ఆకులు పాలిపోతాయి. దీన్ని ఎరువు లోపం అనుకుని యూరియా చల్లకూడదు. లేత ఆకులు ఎక్కువగా వచ్చి పేనుబంకను ఆకర్షిస్తాయి. నేల వెచ్చబడ్డాక చాలా మొక్కలు తిరిగి కోలుకుంటాయి. అంతవరకు మొక్కకు రెండు గుప్పెళ్ల మాగిన పశువుల ఎరువు వేస్తే చాలు.

టమాటలో రాత్రి ఉష్ణోగ్రత 13 డిగ్రీల కంటే తగ్గితే పూత నిలవదు. చలి తగ్గాక వచ్చే పూత కాయగా మారుతుంది కాబట్టి పూత రాలిందని మొక్కలు పీకేయనవసరం లేదు.

నీరు ఎప్పుడు పెట్టాలి

ఎండ పొడ వచ్చాక, ఉదయం 8 నుంచి 10 గంటల మధ్య నీరు పెట్టాలి. పగటి వేడిని తడి నేల నిలుపుకుని రాత్రి మొక్కకు కొంత వెచ్చదనం ఇస్తుంది. సాయంత్రం ఆకుల మీద నీళ్లు చల్లితే రాత్రంతా తడి ఆరక తెగుళ్లు వస్తాయి. రాత్రంతా తొట్టిలో ఉన్న నీరు తెల్లవారుజామున బాగా చల్లగా ఉంటుంది. దాని కంటే అప్పుడే తోడిన బావి నీరు, బోరు నీరు మేలు.

చలిలో నేల త్వరగా ఆరదు. మట్టిని రెండు అంగుళాల లోతున వేలితో చూసి, పొడిగా ఉంటేనే తడి ఇవ్వాలి. నారుమడులను రాత్రిపూట పాత చీరతో గానీ తాటాకులతో గానీ కప్పి, ఎండ రాగానే తీసేయాలి. నీరు నిలిస్తే నారుకుళ్లు వస్తుంది కాబట్టి మడిని 15 సెం.మీ. ఎత్తుగా చేసుకోవాలి. నారు వాలిపోతుంటే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మడి తడిచేలా పోయాలి.

ఉంచాల్సినవి, తీసేయాల్సినవి

• క్యాబేజీ, కాలీఫ్లవర్: గట్టిపడిన వెంటనే కోయాలి. ఎండ పెరిగితే క్యాబేజీ గడ్డ పగులుతుంది, కాలీఫ్లవర్ పువ్వు విచ్చుకుంటుంది.
• కొత్తిమీర, మెంతి, పాలకూర: ఎండలు పెరిగితే పూతకు వస్తాయి. ముందే కోసుకుని, బలమైన నాలుగు మొక్కలను విత్తనానికి వదలాలి.
• వంగ: ముదిరిన కొమ్మలను, పురుగు తొలిచిన చిగుళ్లను కత్తిరించి తీసేయాలి. పశువుల ఎరువు వేసి నీరు పెడితే కొత్త చిగుళ్లు వస్తాయి.
• పందిరి చిక్కుడు: పగటి పొద్దు పెరిగే కొద్దీ పూత తగ్గుతుంది. కాపు అయ్యాక తీగను మొదలు దగ్గర కోసి, వేర్లను నేలలోనే వదలాలి. వేరు బుడిపెల్లోని నత్రజని తర్వాతి పంటకు ఉపయోగపడుతుంది.

పురుగులు, తెగుళ్లు

చిక్కుడు, క్యాబేజీ మీద ఈ కాలంలో పేనుబంక ఎక్కువ. మొదట్లోనే నీటిని వేగంగా చిమ్మితే చాలావరకు రాలిపోతుంది. తగ్గకపోతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బుపొడి కలిపి సాయంత్రం పూట ఆకు అడుగు భాగం తడిచేలా పిచికారి చేయాలి. అక్షింతల పురుగులు కనిపిస్తే చంపకూడదు. అవి పేనుబంకను తినేస్తాయి.

బెండలో ఆకుల ఈనెలు పసుపు రంగుకు మారితే అది తెల్లదోమ ద్వారా వ్యాపించే వైరస్ తెగులు. మందుతో నయం కాదు. అలాంటి మొక్కను వెంటనే పీకి కాల్చేయాలి. డబ్బా మూతలకు పసుపు రంగు వేసి ఆముదం పూసి కర్రలకు కడితే తెల్లదోమలు వాటికి అంటుకుంటాయి.

ఆకులపై తెల్లని పొడిలా కనిపిస్తే బూడిద తెగులు. బెండపై లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం పిచికారి చేయవచ్చు. దోస, సొర వంటి తీగజాతి మొక్కలపై మాత్రం గంధకం వాడకూడదు, ఆకులు మాడిపోతాయి. వాటిలో తెగులు సోకిన ఆకులను తుంచి తీసేసి, గాలి, వెలుతురు తగిలేలా చూడాలి.

వేసవి కూరగాయలు ఇప్పుడే

బెండ, తీగజాతి విత్తనాలు చల్లని నేలలో సరిగా మొలవవు, కుళ్లిపోతాయి. కోస్తా, రాయలసీమ జిల్లాల్లో జనవరి రెండో పక్షం నుంచి, చలి ఎక్కువగా ఉండే ఉత్తర తెలంగాణలో, మన్యంలో ఫిబ్రవరి మొదటి పక్షంలో విత్తుకోవచ్చు.

బెండ గింజలను రాత్రంతా, కాకర గింజలను ఒక రోజంతా నానబెట్టి విత్తాలి. వేసవి బెండకు వరుసల మధ్య 45 సెం.మీ., మొక్కల మధ్య 15 నుంచి 20 సెం.మీ. దూరం చాలు. విత్తిన 45 నుంచి 50 రోజులకు కోతకు వస్తుంది. గోరుచిక్కుడు ఎండను బాగా తట్టుకుంటుంది. తోటకూర 25 నుంచి 30 రోజుల్లో చేతికొస్తుంది కాబట్టి పక్షానికోసారి కొద్దికొద్దిగా చల్లుకోవాలి.

బీర, సొర గింజలను చిక్కుడు పందిరి మొదట్లోనే గుంటకు మూడు చొప్పున విత్తాలి. చిక్కుడు అయిపోయే నాటికి ఇవి పందిరి ఎక్కుతాయి. ఇంకా చలిగా ఉంటే గింజలను కాగితపు కప్పుల్లో మొలిపించి, రెండు మూడు ఆకులు వచ్చాక మట్టిగడ్డ చెదరకుండా నాటాలి. తీగజాతి విత్తనాలను మార్చి నెలాఖరు వరకు ఆపితే పూత తీవ్రమైన ఎండల్లో వస్తుంది. అప్పుడు మగపూలు ఎక్కువై కాయలు తగ్గుతాయి.

మొలకలు జానెడు ఎదిగాక, ఫిబ్రవరి చివర్లో మొదళ్ల చుట్టూ రెండు అంగుళాల మందాన ఎండుగడ్డి పరవాలి. కాండానికి తగలకుండా ఖాళీ వదలాలి. చెదలు పడితే గడ్డి తీసేయాలి. విత్తిన వెంటనే గడ్డి పరిస్తే నేల వెచ్చబడక మొలక ఆలస్యమవుతుంది.

తెగులు ఏమిటో తేలకపోతే ఏదో ఒక మందు కొట్టకుండా, సోకిన ఆకును తీసుకెళ్లి దగ్గరలోని వ్యవసాయ లేదా ఉద్యాన అధికారికి చూపించాలి. కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే సలహా పొందవచ్చు.