‘ఆదివాసి’ పదం – అర్థం, ప్రయోగం

‘ఆది’ అంటే మొదలు. ‘వాసి’ అంటే నివసించేవాడు. ఒక ప్రాంతంలో మొదటినుండి నివసిస్తున్నవారు ఆదివాసులు. రూపాన్ని బట్టి చూస్తే ఇది సంస్కృత సమాసం. కాని మన ప్రాచీన కావ్యాలలో ఈ అర్థంతో ఈ పదం కనిపించదు. దీని వయస్సు నూరేళ్ళకు అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది.

మరి ప్రాచీనులు ఈ జనులను ఏమని పిలిచారు? శబరులు, పుళిందులు, కిరాతులు, నిషాదులు అనే పేర్లు సంస్కృత వాఙ్మయంలో ఉన్నాయి. తెలుగు కవులు ఎఱుకులు, బోయలు, చెంచులు అన్నారు. ఇక్కడ ఒక విశేషాన్ని గమనించాలి. ఆంధ్రుల ప్రస్తావన కలిగిన అతి ప్రాచీన గ్రంథం ఐతరేయ బ్రాహ్మణం. విశ్వామిత్రుని శాపానికి గురైన కుమారుల సంతతిని చెబుతూ ఆ గ్రంథం ఆంధ్రులను, పుండ్రులను, శబరులను, పుళిందులను, మూతిబులను ఒకే వరుసలో పేర్కొన్నది. ఆ తరువాత ఆంధ్రులు రాజ్యాలు ఏలారు, కావ్యాలు రాయించుకున్నారు. శబరులు కొండలలో ఉండిపోయారు. ఒకే పంక్తిలో పేర్లున్న ఇద్దరిలో ఒకరు మరొకరిని అనాగరికులుగా తలచడం విచిత్రమే.

రామాయణంలోని శబరి, ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలోని తిన్నడు భక్తికి పరాకాష్ఠగా నిలిచారు. తిన్నడు తన కన్నులనే శివునికి అర్పించాడు. అయితే ఆ గౌరవం వ్యక్తులకు దక్కినంతగా వారి జాతులకు దక్కలేదు. వ్యవహారంలో ‘కిరాతకం’ అనే మాటకు క్రూరత్వమనే అర్థం స్థిరపడింది. ఒక జాతి పేరు నిందగా మారిన తీరుకు ఇది నిదర్శనం. ఆంగ్లేయుల పాలనలో నింద చట్టమే అయింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కొన్ని సమూహాలకు పుట్టుకతోనే నేరస్థులనే ముద్ర వేసింది. అటుపైన ఎరుకలవారూ ఆ ముద్రకు గురయ్యారు. 1952లో గాని ఆ చట్టం రద్దు కాలేదు.

ఈ నేపథ్యంలో ‘ఆదివాసి’ అనే పదానికి విలువ ఏర్పడింది. 1938లో రాంచీలో ఆదివాసీ మహాసభ ఏర్పడింది. మరుసటి ఏడు జైపాల్ సింగ్ ముండా దానికి అధ్యక్షుడయ్యాడు. 1928 ఒలింపిక్ క్రీడలలో భారత హాకీ జట్టుకు నాయకుడు ఈయనే. 1946 డిసెంబరు 19న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, తాను ‘జంగ్లీ’నని చెప్పుకోవడానికి గర్విస్తున్నానన్నాడు. తిట్టును తానే తలకెత్తుకొని దాని కోరలు తీశాడు. హిందీ అనువాదాలలో ‘వనజాతి’ అని రాయడాన్ని ఆక్షేపించి, ‘ఆదివాసి’ అని ఎందుకు రాయరని ప్రశ్నించాడు. ఆయన కోరిక నెరవేరలేదు. రాజ్యాంగం 342వ అధికరణంలో చోటుచేసుకున్నది ‘షెడ్యూల్డు తెగలు’ అనే పదబంధం.

తెలుగు నాట ప్రభుత్వ వ్యవహారంలో ‘గిరిజనులు’ అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. 1956లో విశాఖపట్నంలో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ పేరులోనూ అదే ఉంది. వినడానికి మృదువైన పదమే గాని, అర్థవ్యాప్తి చాలదు. నెల్లూరు సీమలోని యానాదులకు గిరులతో పనేమిటి? ‘ఆదిమ’ శబ్దంతో మరొక చిక్కుంది. అందులో వెనుకబాటు అనే ధ్వని ఉంది. అందువల్లనే కేంద్ర ప్రభుత్వం 2006లో ‘ఆదిమ గిరిజన సమూహాలు’ అనే పేరును విడిచి, ‘ప్రత్యేకించి దుర్బలమైన గిరిజన సమూహాలు’ అని మార్చింది.

వీటన్నిటికంటె ముందు ఆయా జనులు తమకు పెట్టుకున్న పేర్లున్నాయి. గోండులు తమ భాషలో తమను ‘కోయితూర్’ అంటారు. మనం సవరలు అనేవారు ‘సొర’లు. గిడుగు రామమూర్తి ఆ భాష నేర్చుకొని, దానికి వ్యాకరణాన్ని, నిఘంటువులను రచించారు. ఒక వ్యక్తి తెగ పేరు తెలిసినప్పుడు ఆ పేరునే రాయడం మేలు. పలు తెగలను కలిపి చెప్పవలసి వచ్చినప్పుడు ‘ఆదివాసులు’ అనవచ్చు.

ఇక పద రూపం. సన్యాసి – సన్యాసులు, నివాసి – నివాసులు అయినట్లే ఆదివాసి – ఆదివాసులు అవుతుంది. సమాసంలోనూ ‘ఆదివాసి’ అని హ్రస్వమే ఉండాలి. హిందీ ప్రభావం వల్ల దీర్ఘం వచ్చి ‘ఆదివాసీ’ అయింది. 1982లో ఐక్యరాజ్యసమితి కార్యవర్గం ఈ ప్రజల సమస్యలపై తొలిసారి సమావేశమైన ఆగస్టు 9ని, 1994లో ఆ సంస్థ ప్రపంచ దినోత్సవంగా ప్రకటించింది. ఆనాడు ఊళ్ళలో కట్టే బ్యానర్లపై ‘ఆదివాసీ దినోత్సవం’ అని దీర్ఘంతోనే కనిపిస్తుంది. రాసినవారు ఆ మాటను తమదిగా చేసుకున్నారు కనుక, వ్యాకరణం పేరిట దానిని దిద్దబోవడం అనవసరం.