వాము బేరానికి వాసనే కొలత

మిరప, పత్తి బేరాలు సాగే దాచేపల్లిలో వాము చిల్లర సరుకే. అయినా అది లేని పచారీ కొట్టు ఉండదు. కడుపు ఉబ్బరానికి ఉప్పుతో నమిలినా, జలుబుకు వేయించి గుడ్డలో మూటకట్టి వాసన పీల్చినా, పనిచేసేది గింజలోని తైలమే. అందులో ముఖ్య భాగం థైమాల్. 1914 యుద్ధానికి ముందు జర్మనీ మన వామునే కొని థైమాల్ తీసేది.

మసాలా కొనుగోలుదారులకు గింజ రంగు, శుభ్రత చాలు. మందుల తయారీదారులు తైలం శాతం అడుగుతారు. మేలు సరుకులో అది 2 నుంచి 4 శాతం ఉంటుంది. వర్తకులకు చిక్కు ఇక్కడే. తైలం ఎగిరిపోయే గుణం కలది. వేడి గోదాములో, వదులు సంచుల్లో వేసవి గడిపిన గింజ చూపుకు కొత్తదానిలాగే ఉంటుంది, అరచేత నలిపితే గాని గుట్టు తేలదు. పొడి చేసిన సరుకు మరీ త్వరగా చప్పబడుతుంది. తైలం తీసేసిన గింజను ఎండబెట్టి కలిపే మోసమూ లేకపోలేదు.

పాతది కలిపితే తూకం పెరుగుతుంది గాని, నమూనాకు సరుకు సరిపోక లాటు తిరిగివస్తే రానుపోను లారీ కిరాయి మీద పడుతుంది. కర్నూలు నుంచి తెప్పించేవారు ఏ పంట సంవత్సరపు సరుకో చీటీపై రాయించుకుని, బస్తా అడుగు నుంచి కూడా నమూనా తీయించడం మేలు.